పసి ఊపిరికి ముప్పు ఎప్పుడు? రోగనిరోధక సూచికలు చెప్పేదేమిటి?

రెండేళ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ కనీసం ఒక్కసారైనా సోకే వైరస్ రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్. వైద్యులు దీన్ని క్లుప్తంగా ఆర్‌ఎస్‌వి అంటారు. 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీలలో మొదట బయటపడిన ఈ వైరస్‌ను ఆ మరుసటి ఏడాదే రాబర్ట్ చానాక్ బృందం శ్వాసవ్యాధితో ఉన్న శిశువులలోనూ గుర్తించింది. ఎక్కువమంది పిల్లల్లో ఇది ముక్కు కారడం, దగ్గు, కొద్దిపాటి జ్వరంతో మొదలై వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కొద్దిమందిలో మాత్రం ఊపిరితిత్తుల్లోని అతి సన్నని శ్వాసనాళికల దాకా దిగి, వాటి లోపలి పొరను వాచేలా చేసి, బ్రాంకియోలైటిస్ అనే జబ్బుగా ముదురుతుంది. 2019 సంవత్సరానికి వేసిన ప్రపంచ అంచనాల ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో సుమారు 36 లక్షల ఆస్పత్రి చేరికలకూ, లక్షకు పైగా మరణాలకూ ఈ వైరస్ కారణమైంది. ఆ మరణాల్లో 97 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే సంభవించాయి.

నెలలు నిండకుండా పుట్టడం, పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు, మరీ పసివయసు ముప్పును పెంచుతాయి. గాలి సాఫీగా ప్రవహించేటప్పుడు గొట్టం వ్యాసార్ధం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం పదహారు రెట్లు పెరుగుతుంది కనుక, పెద్దవారికి లెక్కలోకి రాని వాపు కూడా సన్నని శ్వాసనాళాలున్న శిశువుకు ఊపిరాడకుండా చేస్తుంది. అయితే ఆస్పత్రిలో చేరే పిల్లల్లో అత్యధికులు అంతకుముందు ఏ లోపమూ లేని ఆరోగ్యవంతులే కావడంతో, పరిశోధకుల దృష్టి రోగనిరోధక వ్యవస్థ మీదికి మళ్లింది. జబ్బు ఎటు తిరుగుతుందో తెలిపే కణాలనూ, ప్రొటీన్లనూ, జన్యువుల చురుకుదనాన్నీ రోగనిరోధక సూచికలు అంటారు.

వీటిలో మొదట చెప్పుకోవలసింది ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో అలిక్ ఐజక్స్, జాన్ లిండెన్‌మాన్ కనుగొన్న ఈ ప్రొటీన్‌ను వైరస్ సోకిన కణాలు వెలువరించి, పొరుగు కణాలను అప్రమత్తం చేసి, వైరస్ సంతతి పెరగకుండా అడ్డుపడతాయి. ఆర్‌ఎస్‌వికి ఎన్‌ఎస్1, ఎన్‌ఎస్2 అనే రెండు ప్రొటీన్లు ఉన్నది ప్రధానంగా ఈ హెచ్చరికను నొక్కిపట్టడానికే. తొలి రోజుల్లో ఇంటర్‌ఫెరాన్ స్పందన బలహీనపడితే వైరస్ లోతుకు పాకే వీలు చిక్కుతుంది. అదే స్పందన ఆలస్యంగా ఎగసిపడి చల్లారకపోతే వాపును పెంచుతుంది. అందువల్ల ఈ సూచిక విలువ దాని మోతాదుతోపాటు అది కనిపించిన రోజు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

రెండవది న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల దండు. వైరస్ వల్ల దెబ్బతిన్న శ్వాసనాళపు కణాలు ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేయగానే ఈ కణాలు రక్తం నుంచి అక్కడికి చేరతాయి. బ్రాంకియోలైటిస్ వచ్చిన శిశువుల శ్వాసమార్గంలో కనిపించే రోగనిరోధక కణాల్లో అధికభాగం ఇవే. ఇవి వెదజల్లే ఎంజైములూ, చనిపోతూ విడిచే డీఎన్ఏ పోగులూ కఫంతో కలిసి చిక్కబడి సన్నని నాళికలను పూడ్చివేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-8తోపాటు, వాపును ప్రేరేపించే ఇంటర్‌ల్యూకిన్-6 కూడా తీవ్రంగా జబ్బుపడిన పిల్లల్లో ఎక్కువగా ఉన్నట్లు అనేక అధ్యయనాలు చూపాయి.

మూడవది వైరస్ సోకిన కణాలను గుర్తించి చంపే టి-కణాల కొరత. ఈ వ్యాధితో మరణించిన శిశువుల ఊపిరితిత్తులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో వైరస్ విస్తారంగానూ, ఈ కణాలు అతి తక్కువగానూ కనిపించాయి. బతికి ఉన్న పిల్లల రక్తం మీద 2013లో వెలువడిన మరో అధ్యయనంలోనూ న్యూట్రోఫిల్స్‌కూ వాపుకూ సంబంధించిన జన్యువులు చురుగ్గా ఉండగా, టి-కణాల జన్యువులు మందగించి ఉన్నాయి. అంటే తీవ్ర వ్యాధిని రోగనిరోధక శక్తి లేమిగా గానీ, అది మితిమీరడంగా గానీ చూస్తే సరిపోదు. పనికివచ్చే స్పందన తగ్గి, హాని చేసే స్పందన పెరగడమే దాని స్వరూపం.

ఈ తూకం తప్పితే ఏమవుతుందో 1960లలో అమెరికాలో జరిగిన టీకా ప్రయోగం బాధాకరంగా చాటింది. ఫార్మలిన్‌తో నిర్జీవం చేసిన వైరస్‌ను టీకాగా పొందిన శిశువులలో ఆ తర్వాత సహజంగా వైరస్ సోకినవారిలో 80 శాతం మంది ఆస్పత్రి పాలు కాగా, ఇద్దరు మరణించారు. ఆ టీకా వేయని పిల్లల్లో ఆస్పత్రి పాలైనవారు 5 శాతమే. వైరస్‌కు అంటుకున్నా దాన్ని నిర్వీర్యం చేయలేని యాంటీబాడీలు, అలర్జీ తరహా టి-కణాల స్పందన ఇందుకు కారణాలని తేలింది.

ఆస్పత్రుల్లో విరివిగా చేసే సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ అనే రక్త పరీక్షలు బాక్టీరియా సోకిందేమోనన్న అనుమానాన్ని తేల్చుకోవడానికి తోడ్పడతాయి తప్ప, వైరల్ జబ్బు ఎంత ముదురుతుందో నమ్మకంగా చెప్పలేవు. బిడ్డ వయసు, జబ్బు మొదలై ఎన్ని రోజులైందన్నది, నమూనా ముక్కు నుంచి తీశారా రక్తం నుంచి తీశారా అన్నదాన్ని బట్టి సూచికల అర్థం మారుతుంది కాబట్టి, అనేక సూచికలను కలిపి చదివే పద్ధతులపైనే పరిశోధన సాగుతోంది.

అవి అందుబాటులోకి వచ్చేవరకు అత్యంత నమ్మదగిన సూచిక బిడ్డ ఊపిరే. ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెడితే రెండు నెలలలోపు శిశువు 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, అయిదేళ్లలోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, జలుబే కదా అని ఇంట్లో ఉంచకుండా, ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.