మొరాయించే చిన్న బండి: పరీక్షలు, పరిష్కారాలు, ఒక హెచ్చరిక

యంత్రానికి నోరు లేదు. అయినా తనకు వచ్చిన కష్టాన్ని అది ఏదో ఒక గుర్తుతో తెలియజేస్తూనే ఉంటుంది. ఆ గుర్తును ఓపికతో చదవగలిగినవానికి మరమ్మతు సులభం. చదవలేనివాడు తాడు లాగి లాగి చేయి నొప్పి తెచ్చుకొంటాడు, లేదా తొందరపడి చేయరాని పని చేస్తాడు. ఈ రెండింటినీ గత సంవత్సరం మా బంధువుల ఇంటనే చూచాను. సాహిత్య విషయం కాకపోయినా ఈ వ్యాసానికి పూనుకొనడానికి కారణం అదే.

మా అక్కగారు బాచుపల్లిలో నివసిస్తున్నారు. 2016లో ప్రత్యేక మండలమైన ఈ ప్రాంతంలో ప్రహరీ గోడల నడుమ విల్లాల సముదాయాలు వెలిశాయి. కొన్ని ఆవరణలలో పిల్లలు నడిపే నాలుగు చక్రాల చిన్న మోటారు బండ్లు కనబడుతున్నాయి. వీటిని ఏటీవీ అనీ, క్వాడ్ బైక్ అనీ పిలుస్తారు. మా బావగారు రంజాన్ పండుగకు తమ తొమ్మిదేండ్ల కుమారునికి ఈదీగా అటువంటి బండి ఒకటి కొనిపెట్టారు. వర్షాకాలమంతా అది సెల్లారులో కదలక నిలిచిపోయింది. వానలు తగ్గిన తరువాత ఎంత ప్రయత్నించినా స్టార్ట్ కాలేదు. ఎప్పుడైనా ఒకసారి అయినా, క్షణంలో ఆగిపోయేది. ఒక మెకానిక్‌ను పిలిపించగా పది నిమిషాలలో స్టార్ట్ చేసి, డబ్బు తీసుకొని వెళ్ళాడు.

"మామూ, చూడండి!" అంటూ పిల్లవాడు బండెక్కాడు. రెండవ మలుపులో అదుపు తప్పి గడ్డి మీద పడ్డాడు. బండి మాత్రం ఆగలేదు. మనిషి లేకుండానే మెల్లగా సాగిపోయి గోడకు తగిలి నిలిచింది. దేవుని దయవల్ల పిల్లవానికి మోచేయి గీసుకొనడంతో ఆపద తప్పింది. ఆ దారిలో మరొక పసివాడు ఉండి ఉంటే ఏమై ఉండేదో తలచుకొంటే నేటికీ గుండె దడదడలాడుతుంది. ఆ మెకానిక్ చేసినదేమిటో తెలుసుకొనుటకు ముందు ఇంజిన్ ధర్మం కొంత తెలియవలెను.

ఇంజిన్‌కు కావలసిన మూడు

1876లో జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఆటో నిర్మించిన ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ మొదలు నేటి పిల్లల బండి వరకు పెట్రోల్ ఇంజిన్‌లన్నింటి సూత్రం ఒక్కటే. తగిన పాళ్ళలో కలిసిన పెట్రోల్, గాలి కావలెను. ఆ మిశ్రమాన్ని సిలిండర్‌లో గట్టిగా నొక్కే ఒత్తిడి కావలెను. సరియైన క్షణంలో స్పార్క్ ప్లగ్ నుండి నిప్పురవ్వ రావలెను. ఈ మూడింటిలో ఏది లోపించినా ఇంజిన్ పలుకదు. కాబట్టి మొరాయించిన బండి ముందు కూర్చొన్నవాడు "వీటిలో ఏది లేదు?" అని ప్రశ్నించుకొనవలెను. వాక్యానికి అర్థం కుదరనప్పుడు మనం కర్త, కర్మ, క్రియలను వేరుచేసి చూచినట్లే ఇక్కడా చూడవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవానికి, బండి బాగుపడినా, రోగమేదో తెలియదు.

పిల్లల బండ్లు ముఖ్యంగా రెండు రకాలు. 49 సీసీ టూ స్ట్రోక్ బండ్లను సాధారణంగా తాడు లాగి స్టార్ట్ చేస్తారు. వీటి పెట్రోల్‌లో తయారీదారు చెప్పిన పాళ్ళలో ఆయిల్ కలపవలెను. 110 సీసీ ప్రాంతపు ఫోర్ స్ట్రోక్ బండ్లకు బ్యాటరీ, స్టార్టర్ బటన్ ఉంటాయి.

ముందుగా చూడవలసినవి

పానా చేతబట్టుటకు ముందే కొన్నింటిని కంటితో చూడవలెను. పెట్రోల్ నాబ్ తెరిచి ఉన్నదా? హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ నడిచే స్థితిలో ఉన్నదా? బండి వెనుక ఉండే రక్షణ తాడు తన చోట బిగిసి ఉన్నదా? గేరు న్యూట్రల్‌లో ఉన్నదా? బటన్ స్టార్ట్ బండ్లు అనేకం బ్రేక్ పట్టుకొంటేనే స్పందిస్తాయి. ఈ సంగతి తెలియక బండి చెడిపోయిందని భావించినవారున్నారు.

బటన్ నొక్కినప్పుడు "టక్" అనే చప్పుడు మాత్రమే వస్తే బ్యాటరీని అనుమానించవలెను. 12 వోల్టుల బ్యాటరీ పూర్తి ఛార్జింగ్‌తో ఉన్నప్పుడు మీటరు 12.6 వోల్టుల ప్రాంతంలో చూపుతుంది. 12కు దిగితే అది దాదాపు ఖాళీ అయినట్లే. ఏ చప్పుడూ రాకపోతే ఫ్యూజును, తీగల బిగింపును చూడవలెను.

ప్లగ్ చెప్పే సాక్ష్యం

ఇంజిన్ తిరుగుతున్నా రాజుకొనకపోతే ప్లగ్ విప్పి చూడవలెను. అది పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. తడిసి ఉంటే పెట్రోల్ ఎక్కువైనది, లేదా నిప్పురవ్వ లేదు. నల్లని మసి పట్టి ఉంటే పెట్రోల్ పాలు మితిమీరినది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినది. తెల్లబారి ఉంటే పెట్రోల్ పాలు తక్కువైనది. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు.

నిప్పురవ్వను పరీక్షించుటకు ప్లగ్‌ను దాని టోపీలో అమర్చి, మరలు ఉన్న భాగం ఇంజిన్ లోహానికి తగిలేటట్లు ఉంచి ఇంజిన్‌ను తిప్పవలెను. ఇంజిన్‌లోని ప్లగ్ రంధ్రాన్ని గుడ్డతో మూసి, ప్లగ్‌ను దానికి దూరంగా ఉంచవలెను. దగ్గరలో ఒలికిన పెట్రోల్ ఉండరాదు. ప్లగ్‌ను వట్టి చేతితో పట్టరాదు. నీలిరంగు రవ్వ చటుక్కున మెరిస్తే స్పార్క్ బాగున్నట్లే. రాకపోతే కొత్త ప్లగ్ పెట్టి చూడవలెను. అప్పటికీ రాకపోతే స్విచ్‌లను, తీగలను, తరువాత ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించవలెను.

నిలువ పెట్రోల్, చిన్న రంధ్రం

నెలల తరబడి నిలిచిన బండిలో రవ్వ ఉన్నా స్టార్ట్ కాకపోతే, దోషం చాలా సార్లు పెట్రోల్‌దే. నిలువ ఉన్న పెట్రోల్‌లో తేలికగా మండే అంశాలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. నీరు హద్దు మీరితే అది ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. సెల్లారులో వర్షాకాలం గడిపిన బండికి ఈ చిక్కు రావడంలో వింత లేదు.

అటువంటి పెట్రోల్ వెళ్ళవలసిన దారి ఎంత సన్ననిదో చూడండి. కార్బొరేటర్‌లోని పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటె తక్కువ. హైదరాబాదు మెకానిక్‌లు "కార్బొరేటర్‌లో కచరా" అనేది దీనినే. పాత పెట్రోల్ తీసివేసి, కార్బొరేటర్ అడుగు గిన్నె మరను వదులు చేసి మురికిని దింపి, తాజా పెట్రోల్ పోయవలెను. అంతటితో కుదరకపోతే జెట్లను విప్పి, కార్బొరేటర్ క్లీనర్ చల్లి గాలితో ఊదవలెను. ఇనుప తీగతో పొడవరాదు. రంధ్రం పెద్దదైతే పెట్రోల్ పాళ్ళు శాశ్వతంగా తప్పిపోతాయి.

పదే పదే తాడు లాగినందువల్ల పెట్రోల్ నిండిపోతే నాబ్ మూసి, చోక్ తీసివేసి, ప్లగ్ విప్పి, ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి నాలుగైదు సార్లు ఇంజిన్ తిప్పవలెను. ప్లగ్ ఆరిన తరువాత మరల బిగించవచ్చును.

స్టార్ట్ అయి ఆగిపోతే

ఎప్పుడు ఆగిందో గమనిస్తే ఎందుకు ఆగిందో సగం తెలుస్తుంది. చోక్ తీయగానే ఆగితే పైలట్ జెట్ మూసుకొన్నది, లేదా ఎక్కడో అదనపు గాలి జొరబడుతున్నది. ఎక్సలేటర్ నొక్కగానే ఆగితే మెయిన్ జెట్‌ను, పెట్రోల్ ఫిల్టర్‌ను, ఎయిర్ ఫిల్టర్‌ను చూడవలెను. కట్టడాల దుమ్ము రేగే చోట ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండిపోతుంది. కొన్ని నిమిషాలు నడిచి ఆగి, ట్యాంకు మూత వదులు చేయగానే నడిస్తే, మూతలోని గాలి రంధ్రం మూసుకొన్నదన్నమాట. వేడెక్కి ఆగి, చల్లారిన తరువాతనే నడిస్తే, వేడిమీద ఉన్నప్పుడే స్పార్క్ పరీక్షించవలెను. రవ్వ లేకపోతే కాయిల్ మీద అనుమానం బలపడుతుంది. ఈ పరీక్షలన్నీ ఆరుబయట చేయవలెను. సెల్లారులో నడిచే ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీయగలదు.

రెండు తప్పుడు చికిత్సలు

ఇప్పుడు ఆ మెకానిక్ విషయానికి వద్దాము. రక్షణ తాడు స్విచ్ తేమకు చెడి, ఎల్లప్పుడూ "ఆగు" అనే సంకేతమే పంపుతున్నది. అందువల్ల రవ్వ రాలేదు. ఇటువంటి బండ్లలో ఆ తీగ లోహానికి తగిలితే స్పార్క్ ఆగిపోతుంది. తీగ విడదీస్తే ఆ అడ్డు తొలగి ఇంజిన్ నడుస్తుంది. అతడు తీగను విడదీసి అట్లే వదిలివేశాడు. దోషం స్విచ్‌లో ఉన్నదని తేల్చుకొనుటకు, చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి ఉంచి, పెద్దవారు క్షణకాలం అలా పరీక్షించవచ్చును. పరీక్షను పరిష్కారంగా భావించడమే అపరాధం. పిల్లవాడు పడినప్పుడు ఇంజిన్‌ను ఆపవలసినది ఆ తాడే.

అతడు చేసిన రెండవ పని ఐడ్లింగ్ స్క్రూ బిగించడం. జెట్ శుభ్రం చేయకుండా ఇంజిన్ వేగం పెంచినందువల్ల ఆగిపోవడం తగ్గినట్లు కనబడింది. కాని ఈ బండ్లలోని క్లచ్ ఇంజిన్ వేగం పెరిగితే తనంతట తానే పట్టుకొంటుంది. ఎక్సలేటర్ వదిలినా బండి పాకుతూ పోయినది ఇందుచేతనే. స్టార్ట్ చేసిన వెంటనే చక్రాలు తిరుగుతుంటే ఆ బండిని పిల్లవానికి ఇవ్వరాదు. తరువాత మేము కొత్త స్విచ్ వేయించి, జెట్ శుభ్రం చేయించి, ఐడ్లింగ్ తగ్గించాము. అయిన ఖర్చు స్వల్పం.

ఈ జాగ్రత్త వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. హోండా సంస్థ 1970లో మూడు చక్రాల బండిని అమెరికాలో ప్రవేశపెట్టింది. పిల్లలతో సహా ఎందరో గాయపడి, మరణించిన తరువాత 1988లో అక్కడి ప్రభుత్వంతో జరిగిన ఒప్పందం ప్రకారం కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం మానుకొన్నాయి. మన చట్టం కూడా మౌనంగా లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకునికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును. కాబట్టి ఈ బండి ఆవరణ దాటి రోడ్డెక్కరాదు. ఆవరణలోనూ హెల్మెట్, పెద్దల పర్యవేక్షణ తప్పనిసరి.

ఇంజనీరింగ్ విద్యార్థులు స్వయంగా ఏటీవీలు నిర్మించి పాల్గొనే బాహా పోటీలు మన దేశంలో 2007 నుండి జరుగుతున్నాయి. ఆ బండ్లకు ఇంజిన్ ఆపే స్విచ్‌లు రెండు ఉండవలెనని నియమం. ఒకటి నడిపేవానికి అందేటట్లు, మరొకటి బయటివారికి అందేటట్లు ఉండవలెను. శిక్షణ పొందిన యువకునికే రెండు అవసరమైనప్పుడు, తొమ్మిదేండ్ల బాలునికి ఉన్న ఒక్కదానిని తీసివేయడం ఏమి న్యాయం?

విద్యార్థులారా! రేపు మీలో కొందరు యంత్రాలు బాగుచేస్తారు, మరికొందరు బాగుచేయిస్తారు. బండి స్టార్ట్ అయినదా అని మాత్రమే అడిగి ఊరుకొనకండి. ఆగవలసినప్పుడు ఆగుతున్నదా అని కూడా అడగండి. ఈ రెండవ ప్రశ్నకు జవాబు చూచుకొన్న తరువాతనే పిల్లవానిని బండి ఎక్కించండి.