ముక్కు వంచిన హెలికాప్టరు

1973వ సంవత్సరము ఫిబ్రవరి మాసాంతమున, ఉత్తర వియత్నాములోని హైఫాంగు రేవును, అంతకు ముందటి యేట మే నెలలో తన విమానములే జారవిడిచిన మైన్లనుండి విముక్తము చేయుటకై అమెరికా నౌకాదళము పూనుకొన్నప్పుడు, ఆ కార్యభారములో అధికాంశమును వహించినవి సీహెచ్‌-53 హెలికాప్టర్లు. ఒక్కొక్క హెలికాప్టరు పొడవైన కేబులుతో, నీటిలోని రెక్కలపై లేచి పరుగెత్తు నొక వాహనమును లాగును. అందలి టర్బైను పుట్టించు విద్యుత్తు వెనుక నీడ్వబడు తీగెలలో ప్రవహించి, ఉక్కు ఓడ యొకటి పోవుచున్నదని అయస్కాంతపు మైనును భ్రమింపజేయును. మైను పేలినను మనుష్యు లాకాశమున సురక్షితులై యుందురు. జూలై వరకు సాగిన ఆ గాలింపులో పేలినది ఒకే యొక మైను. తక్కినవి పెక్కులు అప్పటికే నిర్వీర్యములై యుండెను. అయినను ఒక్కటి మిగిలియున్న సముద్రమున నావికుల నెట్లు పంపవచ్చును?

లాగుచున్న హెలికాప్టరును ప్రక్కనుండి చూచినచో, బురదలో దిగబడిన బండి నీడ్చు ఎద్దువలె తల వంచి, తోక పైకెత్తి, ఇక నీట పడుటయే తరువాయి యన్నట్లుండును. కాని అది పతనము కాదు, శుద్ధమైన సమతౌల్యము. యంత్రదేహమంతయు రోటరునుండి వ్రేలాడుచుండును గదా. భూమి క్రిందికిని, కేబులు వెనుకకును లాగగా, ఆ రెంటి కలయికయైన ఏటవాలు దిశయే ఆ దేహమునకు 'క్రిందు' అగుచున్నది.

రోటరు బలము దాని రెక్కలు తిరుగు తలమునకు లంబముగా నొకే దిక్కున పనిచేయును. ఆ యొక్క బలమే బరువును మోయవలెను, వెనుకనున్న వాహనమును లాగవలెను. కేబులు నీటికి సమాంతరమని యనుకొందము. 10 డిగ్రీల వాలునకు రోటరు నూటికి రెండు పాళ్లైనను అధికముగా శ్రమింప నక్కరలేదు. లాగుడు మాత్రము హెలికాప్టరు బరువులో నూటికి పదునేడు పాళ్లు మించును. 30 డిగ్రీలకు వాల్చినచో సుమారు పదునైదు పాళ్ల అదనపు బలముతో బరువులో సగమునకు మించిన లాగుడు లభించును. అటుపిమ్మట ప్రకృతి తన మూల్యమును కఠినముగా వసూలు చేయును: 45 డిగ్రీలకు లాగుడు బరువుతో సమానమగును గాని, రోటరు నలువదియొక్క పాళ్లు ఎక్కువ మోయవలెను. మందగమనమున వేగము వలన కలుగు సాయమును స్వల్పము. ఇంత బలము కావలసిన ఈ పనికై 1980ల దశకమున వచ్చిన ఎంహెచ్‌-53ఈ సీ డ్రాగన్‌కు మూడు ఇంజనులు, ఏడు రెక్కలు, 24 మీటర్ల వ్యాసము గల రోటరు నమర్చిరి. వెనుకనున్న వాహనమును పైలట్లు కనిపెట్టుటకై ముందు భాగమున పెద్ద అద్దములు కూడ బిగించిరి.

ఈ విద్యలో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది లాగుట కాదు, లాగుడు తెగిన క్షణమున పైలటు చూపు నిబ్బరము. 30 డిగ్రీల వాలులో కేబులు తెగినచో, అంతవరకు వాహనముపై వ్యయమగుచుండిన బలమంతయు యంత్రముపైననే పడి, భూమ్యాకర్షణలో సగమునకు మించిన త్వరణముతో దానిని ముందుకు తోయును. కేబులు క్రిందికి కూడ లాగుచుండినచో యంత్రము పైకిని లేచును. కొలది పదుల మీటర్ల క్రిందనే సముద్రముండగా, పైలటు తడబడక ముక్కు నెత్తి, బలమును తగ్గించి, యంత్రమును నిలువరింపవలెను.