"మీకేంటండీ, గోదారి జిల్లా!": నరసాపురం బతుకుతెరువుపై అపోహలు – వాస్తవాలు

నరసాపురం మనిషి ఏ ఊరెళ్ళినా ఈ మాట తప్పదు: "మీకేంటండీ, గోదారి జిల్లా!" పచ్చటి చేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, సంక్రాంతికి కోడిపందేలు. సినిమాల్లో ఇవే చూసినవాళ్ళు మరోలా ఎలా అనుకుంటారు? బయటివాళ్ళ సంగతి పక్కనపెడితే ఊళ్ళోవాళ్ళం కూడా కొన్ని మాటలు ఏళ్ళ తరబడి నమ్ముతూ వస్తున్నాం. టీకొట్ల దగ్గరా, రేవులో నది దాటించే పంటు కోసం నిలబడ్డప్పుడూ వినపడే మాటలే అవి. వాటిలో కొన్నిటిని ఇక్కడ సరిచూద్దాం. నది, కాలువ, రైలుపట్టా మూడిటికీ కొసన ఉన్న ఊరు మనది. ఈ అపోహల్లో చాలావాటికి మూలం ఆ సంగతి మరిచిపోవడమే.

అపోహ: గోదారి గట్టునే ఉన్నాం, మనకి నీళ్ళ కరువేంటి?

వాస్తవం: వలంధర రేవులో నిలబడితే ఎదురుగా నిండుగా గోదావరి పాయ వశిష్ఠ. కానీ వేసవిలో ఆ నీరు నోట్లో పోసుకోలేం. సముద్రం పది కిలోమీటర్లు దాటితే వచ్చేస్తుంది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు నదిలోకి ఎదురెక్కుతుంది. వరదల కాలంలో ఎగువ నీరు దాన్ని వెనక్కి తోస్తుంది. సంక్రాంతి వెళ్ళాక తోసే నీరు తగ్గిపోతుంది, ఉప్పుదే పైచేయి అవుతుంది.

మనం తాగేదీ, చేలకు పెట్టేదీ ఊరి పక్కన పారే నీరు కాదు. ఎగువన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర, కుడిగట్టున ఉన్న విజ్జేశ్వరం తూముల నుంచి పశ్చిమ డెల్టా కాలువల్లోకి వదిలిన నీరది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తిచేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరు మీదే బ్యారేజీ ఉంది. అంతకు ముందు ఈ నేల సంగతేమిటో 1832–33 నాటి డొక్కల కరువు గురించి చదివినవాళ్ళకు తెలుసు. గోదావరి అప్పుడూ ఇలాగే పారింది. నీరు చేలమీదికి ఎక్కే దారే లేదు. కాబట్టి ఈ పచ్చదనం పూర్తిగా ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు కట్టి, కాపాడుకుంటూ వచ్చింది. కాపాడటం మానేసిన రోజున పోతుంది కూడా.

వానాకాలం పంట సార్వాకి ఫరవాలేదు, వానలుంటాయి. రెండో పంట దాళ్వా దగ్గరే అసలు లెక్క. డిసెంబరు దాటాక గోదావరిలో సహజంగా వచ్చే నీరు పడిపోతుంది. అప్పుడు డెల్టా చేలు ఎక్కువగా సీలేరు వైపు చూస్తాయి. అక్కడ కరెంటు తీశాక కిందికి వదిలే నీరే దాళ్వాకు ఆధారం. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో టర్బైన్లు ఎంతసేపు తిరిగాయన్నదాన్ని బట్టి మన పక్కనున్న మొగల్తూరు చేలో ఆకుమడి బతుకుతుందంటే వింతగా ఉంటుంది గానీ, అదే నిజం. నీరు తగ్గిన ఏడాది వంతులు పెడతారు. వంతు వచ్చినా పైవాళ్ళందరూ పెట్టుకోగా మిగిలిందే కాలువ చివరనున్న శివారుకి. కాలువలు కట్టేసే వేసవిలో ముందే చెరువుల్లో నింపుకున్న నీళ్ళే తాగునీరు. తీరగ్రామాల్లో బోరు వేసినా పడేది చాలాచోట్ల ఉప్పునీరే.

అపోహ: కాలువలు తవ్వింది వరి కోసమే

వాస్తవం: వరి కోసమే అయితే లాకులెందుకు? కాలువ మట్టం మారే చోట పడవ పైకెక్కడానికీ కిందికి దిగడానికీ కట్టినవే ఆ లాకులు. నరసాపురంలో ధాన్యం ఎక్కించిన పడవ కాలువ వెంట నిడదవోలుకు వెళ్ళి, ఏలూరు కాలువలో విజయవాడ చేరి, అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా పోగలిగేది. రైలూ లారీ వచ్చి ఆ దారిని పక్కకు నెట్టేశాయి. కాకినాడ – పుదుచ్చేరి మధ్య ఈ కాలువలనే నాలుగో జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించారు. ప్రకటించడం వేరు, పడవ తిరగడం వేరు.

అపోహ: ఇంగ్లీషువాళ్ళ కాలంలో పెద్ద రేవు ఉండేది, తలుచుకుంటే మళ్ళీ తేవచ్చు

వాస్తవం: మొదటి సగం నిజమే. 17వ శతాబ్దంలో ఓడలు కట్టే చోటుగా నరసాపురానికి బంగాళాఖాతమంతా పేరుంది. గోదావరిలో తేలివచ్చే టేకు, చేయి తిరిగిన వడ్రంగులు, కమ్మరులు ఉండబట్టి ఇంగ్లీషు వర్తకులు ఓడలు ఇక్కడే కట్టించుకునేవారు. 1670లలో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ దాన్ని రాసిపెట్టాడు. పక్కనే మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ళకు, పాలకొల్లులో డచ్చివాళ్ళకు బట్టల వర్తకస్థానాలు ఉండేవి.

రెండో సగమే తేడా. ఆనాటి ఓడలు చిన్నవి, పోటు చూసుకుని ఇసుకతిప్ప దాటి నదిలోకి వచ్చేవి. అంతర్వేది దగ్గర నదీముఖంలో ఇసుక ఏటేటా మేట వేస్తూ, చోటు మారుతూ ఉంటుంది. నేటి సరుకు ఓడకు కావలసిన లోతు అక్కడ లేదు. పైగా ఆ రేవు మూతపడటానికి ఇసుక ఒక్కటే కారణం కాదు. మగ్గం బట్టకి కొనేవాళ్ళు పోయారు. మాంచెస్టరు మిల్లుబట్ట వచ్చాక మాధవాయపాలెం బట్టకు దారి మూసుకుపోయింది.

ఇప్పుడు మనకి కావలసింది ఓడరేవు కాదు, చేపల రేవు. బియ్యపుతిప్ప ఫిషింగ్ హార్బరుకు 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఫిషరీస్ విశ్వవిద్యాలయానికీ అదే రోజు రాయి వేశారు. తీరపు మత్స్యకారులకు పనికొచ్చే కోరిక అదీ.

అపోహ: చైనా మిషను లేసు వచ్చి మన లేసును ముంచేసింది

వాస్తవం: ధర దగ్గర చైనా పోటీ ఉంది, కాదనను. కానీ మన ఆడవాళ్ళు అల్లేది క్రోషే. ఒకే సూదితో ఒక్కో ముడిలోంచి దారం లాగి అల్లే ఆ పనిని ఇంతవరకూ ఏ యంత్రమూ అచ్చంగా చెయ్యలేదు. మిషను మీద వచ్చేది చూడటానికి అలా కనిపించే మరో రకం నేత. చైనాలో కూడా క్రోషే చేత్తోనే అల్లుతారు.

లేసు తరతరాలుగా మన సొంతమన్నదీ సరికాదు. 19వ శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి వచ్చిన మిషనరీలు నేర్పిన విద్య ఇది. కానీ నేర్చుకుని నిలబెట్టింది మన ఆడవాళ్ళే. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సీతారాంపురంలో లేసు పార్కూ ఉంది.

మరి అల్లేవాళ్ళ చేతిలో డబ్బు ఎందుకు ఆడదు? దీనికి జవాబు ఒక జర్మన్ పరిశోధకురాలు ఎప్పుడో ఇచ్చింది. మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచంలో స్త్రీల శ్రమ గురించి చదివే చోట్ల ఆ పుస్తకం ఇప్పటికీ వినిపిస్తుంది. మన దగ్గర ఎంతమందికి తెలుసో! ఆమె చెప్పింది ఇదీ: ఈ పనిని "ఇంట్లో ఆడవాళ్ళు ఊసుపోక చేసుకునేది"గా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువ. అప్పట్లో పొలం కూలి పాటి కూడా దక్కేది కాదు. చేతిపని ఒకరిది, అతుకుపని ఇంకొకరిది. దారం ఇచ్చేదీ సరుకు పట్టుకెళ్ళేదీ ఏజెంటు. ముక్కకింత అని ఇస్తాడు. తను అల్లిన బల్లగుడ్డ ఏ దేశంలో ఎంతకు అమ్ముడైందో అల్లినావిడకు తెలిసే దారి లేదు. చైనా లేకపోయినా ఈ లెక్క మారదు.

అపోహ: రొయ్యల చెరువంటే డబ్బుల చెరువు

వాస్తవం: డబ్బు చూసినవాళ్ళున్నారు. ఆ మేడలు రోడ్డు మీద కనపడతాయి. చెరువు ఎండిపోయాక లీజు కట్టలేక ఊరు వదిలినవాళ్ళు కనపడరు, అంతే తేడా.

1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. నాలుగైదేళ్ళకే తెల్లమచ్చ తెగులు తగిలి చెరువులకు చెరువులు పోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో ప్రత్యేక చట్టం చేశారు. 2009లో వనామీకి అనుమతి దొరికాక రెండో ఊపు మొదలైంది. వనామీ మన రొయ్య కాదు, పసిఫిక్ మహాసముద్రానికి అటువైపు, మెక్సికో, పెరూ తీరాలది. దాని తల్లిరొయ్యలు కూడా ఎక్కువగా విదేశాల నుంచే వస్తాయి.

ఖర్చులో దాదాపు సగం మేతకే పోతుంది. ఏరియేటర్లు ఆగకూడదు గనక కరెంటు బిల్లు, పోతే డీజిలు. ఇంత పెట్టాక ధర చెప్పేది రైతు కాదు. కిలోకి ఎన్ని తూగాయన్న కౌంటును బట్టి కొనేవాడు చెబుతాడు. అతనికి ఆ ధర చెప్పేది అమెరికా మార్కెట్టు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ మొగల్తూరు చెరువు గట్టు మీద పడింది. అమెరికా తరవాత మన రొయ్య ఎక్కువగా కొనే దేశం చైనా. అంటే మనం లేసు దగ్గర తిట్టుకునే దేశానికే రొయ్యలు అమ్ముకుంటున్నాం.

ఇంకో మాట ఉంది. వరిచేల మధ్య చెరువు తవ్వితే ఉప్పు చెరువులోనే కూర్చోదు, పక్క చేలోకి దిగుతుంది. వదిలేసిన నీరు గొంతేరు లాంటి మురుగు కాలువల్లోకి పోతుంది. తుందుర్రు చుట్టుపక్కల పల్లెల్లో జనం రొయ్యల శుద్ధి పరిశ్రమ వద్దని రోడ్డెక్కింది ఈ భయంతోనే. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల పరిశ్రమలో విషవాయువులకు అయిదుగురు పనివాళ్ళు చనిపోయారు. చెరువు ఆదాయం లెక్కలో ఇవేవీ ఎవరూ రాసుకోరు.

అపోహ: గ్యాసు తోడేస్తున్నారు, అందుకే సముద్రం ఊళ్ళోకి వస్తోంది

వాస్తవం: కృష్ణా గోదావరి బేసిన్‌లో తొలి అన్వేషణ బావుల్లో ఒకటి 1970ల చివర్లో నరసాపురం దగ్గరే తవ్వారు. గ్యాసు మీద జనానికి కోపం ఊరికే రాలేదు. 1995లో కోనసీమలోని పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో అక్కడే నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

నేల కుంగడంలో గ్యాసు వాటా ఉండొచ్చని శాస్త్రవేత్తలూ అంటున్నారు. కానీ పెద్ద కారణం మన కళ్ళకు ఆనేది కాదు. డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన ఒండ్రు. అది తన బరువుకు తనే ఏటా కొంత కుంగుతుంది, కొత్త ఒండ్రు వచ్చి ఆ లోటు పూడుస్తుంది. ఎగువన కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి, 1970లతో పోలిస్తే 2000ల నాటికి గోదావరి తెచ్చే మట్టి మూడోవంతుకు కాస్త పైన మాత్రమే మిగిలింది. మన తీరగ్రామం పెదమైనవానిలంకలో సముద్రం తినేసిన తీరాన్ని చూసి గ్యాసు బావిని ఒక్కదాన్నే తిడితే సగం లెక్కే అవుతుంది.

రాయల్టీ గురించి కూడా ఒక మాట. నేల మీది బావులదైతే రాష్ట్రానికి, సముద్రంలోవైతే కేంద్రానికి వెళుతుంది. బావి ఏ ఊళ్ళో ఉందో ఆ ఊరికి నేరుగా వచ్చే వాటా కాదు అది.

అపోహ: చైనాలో అయితే సఖినేటిపల్లి వంతెన ఏడాదిలో కట్టేసేవాళ్ళు

వాస్తవం: పంటు ఆలస్యమైన ప్రతిసారీ వినే మాట ఇది. నరసాపురం నుంచి ఎదుటి గట్టు సఖినేటిపల్లి కళ్ళెదుటే ఉంటుంది. రోడ్డు మీద వెళ్ళాలంటే మాత్రం పైకి పోయి చించినాడ వంతెన దాటి, రాజోలు వైపు నుంచి తిరిగి రావాలి. ఆ గట్టున జరిగే అంతర్వేది తీర్థం రోజుల్లో రేవు చూస్తే ఆ కోపం న్యాయమేననిపిస్తుంది.

చైనా సంగతి చూద్దాం. అక్కడ లోతట్టున, సముద్రం లేని గ్వైజౌ అనే కొండల రాష్ట్రం ఉంది. ప్రపంచంలో అతి ఎత్తయిన వంద వంతెనల్లో సగానికి దగ్గరగా అక్కడే ఉన్నాయి. నీటికి 625 మీటర్ల ఎత్తున కట్టిన హ్వాజ్యాంగ్ లోయ వంతెనకు కూడా 2022 జనవరి నుంచి 2025 సెప్టెంబరు దాకా, అంటే మూడేళ్ళకు పైగా పట్టింది. అంత కట్టిన గ్వైజౌ అప్పుల్లో మునిగి, సొంతంగా తీర్చలేమని 2023లో అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థే ఒప్పుకుంది. పైగా అక్కడి పునాది రాయి మీద, ఇక్కడ ఇసుకలోకి, ఒండ్రులోకి లోతుగా బావులు దించాలి. కాబట్టి ఏడాది మాట వదిలేద్దాం.

అయితే ఇదే నది దాటాల్సిన మన రైలుమార్గం పాతికేళ్ళుగా పూర్తికాకపోవడానికి కూడా సాకు ఇదేనా? కోటిపల్లి – నరసాపురం రైలుమార్గం 57 కిలోమీటర్లు, మంజూరైంది 2000–01లో. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి, భూసేకరణ కావాలి, రాష్ట్రం తన వంతు 25 శాతం ఇవ్వాలి. కష్టమైన పనే. కానీ ఆగింది ఇంజనీరింగు దగ్గర కాదు, చాలా ఏళ్ళు చాలీచాలని కేటాయింపుల దగ్గర. ఇదే రైల్వే విజయవాడ నుంచి మచిలీపట్నం, భీమవరం, నరసాపురం, నిడదవోలు దాకా 221 కిలోమీటర్ల డబ్లింగూ విద్యుదీకరణా చేసి చూపించింది. డబ్బు క్రమంగా వచ్చిన చోట పని సాగుతుంది.

ఈ మార్గం పూర్తయితే నరసాపురం రైలుకు కొస కాకుండా పోతుంది. కోనసీమ మీదుగా కాకినాడకు సూటిదారి పడుతుంది. అందుకే ఈసారి ఎవరైనా శంకుస్థాపన ఫొటో చూపిస్తే చప్పట్లు కొట్టకండి. కేంద్ర బడ్జెటు తరవాత రైల్వే విడుదల చేసే పింక్ బుక్ తెరిచి, కోటిపల్లి – నరసాపురం ఎదురుగా ఆ ఏడాదికి ఎంత రాశారో చూసి, ఆ అంకె గురించి మీ ఎంపీని అడగండి.