క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌లో చర్మం: అమ్మ వారం రోజులు దాచిన విషయం

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. ఉద్యోగం వదిలి కెమెరా ముందుకి వచ్చాక చాలా టాపిక్స్ మాట్లాడాను కానీ, ఇది చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి అమ్మే "చెప్పరా, ఇంకొకరికి పనికొస్తుంది" అంది. అందుకే చెప్తున్నా.

అమ్మకి బ్రెస్ట్ క్యాన్సర్. ఆపరేషన్, కీమో అయ్యాక రేడియేషన్ మొదలైంది. వారానికి 5 రోజులు నేనే తీసుకెళ్లేవాణ్ని. మూడో వారంలో అమ్మ జాకెట్ వేసుకోవడానికి చాలాసేపు పడుతోంది. గమనించాను కానీ అడగలేదు. ఒకరోజు సెషన్ దగ్గర సిస్టర్ చూసి నన్ను పిలిచారు. చంక దగ్గర, రొమ్ము కింద మడతలో చర్మం కమిలిపోయింది. ఒకచోట పొర లేచి తడిగా ఉంది. వారం నుంచి మండుతోందట!

"ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "ప్రాణం కాపాడుకోవడానికి వచ్చి, చర్మం గురించి డాక్టర్‌ని ఏం అడుగుతాంరా?" అంది.

డాక్టర్ గారు మాత్రం, ఇంకొన్ని రోజులు ఇలాగే వదిలేస్తే ట్రీట్‌మెంట్ మధ్యలో ఆపాల్సి వచ్చేదన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. ఇది అందం గురించిన విషయం కాదు. చర్మం తట్టుకోలేకపోతే అసలు ట్రీట్‌మెంటే ఆగే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో చిన్న వార్నింగ్‌ని పట్టించుకోకపోతే ఒకరోజు సిస్టమ్ మొత్తం పడిపోతుంది చూడండి, ఇదీ అంతే.

అసలు చర్మానికి ఎందుకిలా అవుతుంది? కీమో, రేడియేషన్ రెండూ వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. చర్మం అడుగు పొరలో, జుట్టు కుదుళ్లలో, గోళ్ల మొదట్లో ఉండే మామూలు కణాలూ వేగంగానే పెరుగుతాయి. కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది.

ముందు రేడియేషన్ సంగతి. మార్పు సాధారణంగా మొదలైన 2, 3 వారాలకి కనిపిస్తుంది. "చర్మం ఎర్రబడుతుంది" అని చాలాచోట్ల రాస్తారు. కానీ మన చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. నల్లగా కమిలినట్టు ఉండటం, బిగుసుకున్నట్టు అనిపించడం, ముట్టుకుంటే వేడిగా ఉండటం, దురద. మనం చూడాల్సినవి ఇవి. అమ్మ కూడా "నల్లబడింది, అంతే కదా" అనుకుంది.

ఏం చేయాలి? గోరువెచ్చని నీళ్లు, వాసన లేని మైల్డ్ సబ్బు. సున్నిపిండి, పీచు వద్దు. టవల్‌తో రుద్దకుండా మెత్తగా అద్దుతూ తుడవాలి. అక్కడ వేసిన గుర్తుల గీతలు చెరపకూడదు. వదులుగా ఉండే కాటన్ బట్టలే వేయాలి. ఐస్, వేడినీళ్ల బ్యాగ్ రెండూ పెట్టకూడదు. ఆ చోట రేజర్ బ్లేడ్ వద్దు. ఎండ తగలకుండా బట్ట కప్పుకోవాలి. మాయిశ్చరైజర్ ఏది, సెషన్‌కి ఎంత ముందు రాయాలి అనేది అక్కడి టీమ్‌ని అడగండి. మందంగా పూసుకుని మాత్రం సెషన్‌కి వెళ్లకండి.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటుంది. పిన్ని ఫోన్‌లో "పసుపు, కొబ్బరినూనె కలిపి రాయండి" అంది. నేను వద్దని, "నేచురల్" అని రాసి ఉన్న ఖరీదైన క్రీమ్ ఆర్డర్ పెట్టాను. దాన్నిండా సెంటు! ఇద్దరం డాక్టర్‌ని అడగలేదు. పసుపు ముద్ద ఎండితే గీరి తీయాలి, పైగా దాని కింద చర్మం ఎలా ఉందో కనపడదు. మంచి ఉద్దేశంతో చేసినా, ముందు అడిగి చేయాలి.

ఇంకో ముఖ్యమైన మాట. చివరి సెషన్ అయిపోగానే మేం స్వీట్లు పంచాం. ఆ తర్వాతి వారమే అమ్మకి మంట ఎక్కువైంది. కంగారు పడ్డాం. కానీ రేడియేషన్ ప్రభావం ఆపిన తర్వాత కూడా ఒకటి రెండు వారాలు పెరగొచ్చట. చాలామందికి ఆ తర్వాత కొన్ని వారాల్లో మానిపోతుంది. అందుకని ఆఖరి రోజు తర్వాత కూడా జాగ్రత్తలు ఆపకండి.

ఇప్పుడు మందుల సంగతి. కాపెసిటబైన్ మాత్రలు వాడేవాళ్లకి అరచేతులు, అరికాళ్లు కంది, మండి, పొక్కులు రావొచ్చు. వేడినీళ్లలో అంట్లు తోమడం, బిగుతు చెప్పులు, ఎక్కువ నడక తగ్గించాలి. నొప్పి, పొక్కులు వస్తే అదే రోజు ఫోన్ చేయండి. డోసు ఆపాలా తగ్గించాలా అనేది డాక్టర్ చెప్తారు. డోసెటాక్సెల్ లాంటివాటితో గోళ్లు నల్లబడొచ్చు, ఊడొచ్చు. ఎర్లోటినిబ్, సెటుక్సిమాబ్ లాంటి మందులతో ముఖం మీద మొటిమల్లాంటివి వస్తాయి. అవి మొటిమలు కావు! షాపులో మొటిమల క్రీమ్ కొని రాస్తే చర్మం ఇంకా ఎండిపోతుంది. దీనికి వేరే మందులున్నాయి, అడగండి. బయటికి వెళ్తే గొడుగు, SPF 30 సన్‌స్క్రీన్.

వెంటనే చెప్పాల్సినవి గుర్తుపెట్టుకోండి. కీమో ఎక్కుతుండగా సూది దగ్గర మంట, వాపు వస్తే అక్కడికక్కడే సిస్టర్‌ని పిలవండి. చర్మం చీలినా, చీము కారినా, ఒంటి నిండా దద్దుర్లు వచ్చినా ఆగకండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోవడం కాదు, రాత్రయినా సరే హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి. కీమోలో తెల్లరక్తకణాలు తగ్గుతాయి కాబట్టి చిన్న పగులు కూడా ఇన్‌ఫెక్షన్‌కి దారి ఇస్తుంది.

అమ్మ చర్మం ఇప్పుడు మానింది. అక్కడ రంగు కాస్త ముదురుగానే ఉంది, ఎండలోకి వెళ్తే ఇప్పటికీ కొంగు కప్పుకుంటుంది.

మీ ఇంట్లో ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఉంటే, "తిన్నావా, నిద్రపట్టిందా" అని అడుగుతారు కదా. దాంతో పాటు "ఎక్కడైనా మండుతోందా?" అని కూడా రోజూ అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. నేను ఒక వారం ముందు అడగాల్సింది. మళ్లీ కలుద్దాం, ఉంటాను.