ఊరు మరువరాని పేర్లు

యుద్ధమున ప్రాణములర్పించిన వానికి రాజ్యము పతకమిచ్చును. పుట్టిన ఊరు చోటిచ్చును. పతకము ఒక యింటిలో నుండును. ఊరిచ్చిన చోటు పదిమంది నడచు దారిలో నుండును. అందుచే అది యెంత చిన్నదైనను అందరిదగును.

ఈ ఆచారము మనకు అరువు వచ్చినది కాదు. తెలుగు పల్లెలలో నేటికిని కానవచ్చు వీరగల్లులు ఇట్టివే. ఆలమందలను విడిపించుచునో, ఊరిని కాచుచునో మడిసిన వాని పోరాటము రాతి అడుగున నుండును, అప్సరసలు వానిని స్వర్గమునకు కొనిపోవుట దానిపైన, సూర్యచంద్రులు తుదిని. ఆ జ్యోతులున్నంత కాలము వాని కీర్తి నిలువవలెనని భావము. కాని పెక్కుచోట్ల రాయి నిలిచినది, పేరు నిలువలేదు. ఎవరి ప్రతిమయో యెరుగకయే జనులు పసుపు పూసి మ్రొక్కుచున్నారు.

మరి పేరు నిలుచుట యెట్లు? మార్కాపురమునకు ఈశాన్యముగా, పల్నాటిలోనున్న కారెంపూడి ఇందుకు బదులు చెప్పుచున్నది. 12వ శతాబ్దపు చివర జరిగిన పల్నాటి యుద్ధవీరులకు అచట నాగులేటి యొడ్డున గుడి కలదు. ఏటేట కార్తిక అమావాస్య మొదలు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర ఐదు దినములు ఉత్సవము జరుగును. వీరుల ఆయుధములను వారి వంశీయులు ఊరూరి నుండి తెత్తురు. వీరగాథలు పాడుదురు. మందపోరునాడు బ్రహ్మనాయుని చాపకూటిని తలచి, కులభేదము లేక సహపంక్తి భోజనము చేయుదురు. అంటరానివారని లోకము దూరముంచిన కులమున పుట్టిన కన్నమదాసు ఆ బ్రహ్మనాయుని సేనానియే. ఎనిమిది వందల యేండ్లు ఈ పేర్లు నిలిచినవన్న, అది రాతి బలము కాదు. చెప్పెడి నోటి బలము.

మన కాలమునను ఊళ్లు ఇట్టి చోట్లిచ్చుచున్నవి. 2020 జూన్ 15న గల్వాను లోయలో అసువులు బాసిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట వాసి. రాజ్యము ఆయనకు మరణానంతరము మహావీరచక్రమిచ్చినది. సరిగా ఏడాదికి సూర్యాపేట తన కోర్టు కూడలిలో ఆయన విగ్రహమును నిలిపినది. బడికి పోవు బాలుడు ఆ కూడలిలో నిలిచి "ఈయన ఎవరు?" అని అడిగినపుడు బదులు పలుకువారున్నంత వరకే అది స్మారకము. పిదప అది వట్టి విగ్రహము.

కావున మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ విద్యార్థులను పెద్దల వద్దకు పంపుడు. తమ ఊరి నుండి సైన్యమునకు పోయి తిరిగిరాని వారెవరో, ఏ యేట ఎచట మడిసిరో, సైన్యమున చేరుటకు ముందు ఊరిలో ఏమి పనిచేసిరో వ్రాసికొనుమనుడు. ఆ పేర్లను ఏడాదికొకసారి రచ్చబండ కడ, ఏ కులము వారిని విడువక, బిగ్గరగా చదివింపుడు. రాయి తరువాతనైనను నిలుపవచ్చును. పేరు తెలిసిన ముదుసలి పోయిన పిదప ఆ పేరును తెచ్చుట యెవరితరము?