ఉపరితల ప్లాస్మాన్ బయోసెన్సర్లలో నానో గ్రేటింగ్‌లు: అపోహలు – వాస్తవాలు

బంగారం వంటి లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతి ప్రభావంతో మూకుమ్మడిగా డోలనం చెంది, లోహానికీ దానిని ఆనుకొని ఉన్న ద్రవానికీ మధ్య సరిహద్దు వెంబడి తరంగంగా సాగడాన్ని ఉపరితల ప్లాస్మాన్ అంటారు. ఈ తరంగం శక్తిని గ్రహించిన చోట, అంటే ఒకానొక కోణం లేదా తరంగదైర్ఘ్యం వద్ద, పరావర్తన కాంతి బాగా తగ్గి పల్లంలా కనిపిస్తుంది. లోహం మీద ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటే ఆ పల్లం పక్కకు జరుగుతుంది; ఎంత జరిగిందో కొలిచి అణువుల ఉనికిని తెలుసుకొనే సాధనమే ఈ బయోసెన్సర్. వ్యాధి నిర్ధారణకు ఉపయోగపడే ఈ సాధనం విషయంలో అతి అంచనాలు కూడా హాని చేయగలవు కనుక, ప్రచారంలో ఉన్న కొన్ని అపోహలను సరిచూడడం అవసరం.

అపోహ: బంగారు పొర మీద కాంతి పడితే చాలు, ప్లాస్మాన్ పుడుతుంది.

వాస్తవం: ఒకే పౌనఃపున్యం వద్ద ప్లాస్మాన్ ద్రవ్యవేగం కాంతి ద్రవ్యవేగం కన్నా ఎక్కువ కాబట్టి, చదునైన పొర మీద ద్రవం వైపు నుంచి పడిన కాంతి దానిని పుట్టించలేదు. ఈ లోటును పూడ్చే మార్గాలలో ఒకటి 1968లో ఆటో ఒక విధంగానూ, క్రెచ్‌మన్, రేథర్‌లు మరొక విధంగానూ చూపిన పట్టకం అమరిక. రెండవది గ్రేటింగ్, అంటే సమాన దూరంలో వరుసగా చెక్కిన గాడులున్న ఉపరితలం; ఒక గాడి నుంచి మరొక గాడికి ఉన్న దూరాన్ని ఆవర్తనం అంటారు. ఈ క్రమబద్ధమైన నిర్మాణమే కాంతికి కొరవడిన ద్రవ్యవేగాన్ని సమకూరుస్తుంది.

అపోహ: ఇదంతా ఇటీవల నానో సాంకేతికత కనిపెట్టిన విషయం.

వాస్తవం: 1902లోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్ లోహపు గ్రేటింగ్ వర్ణపటంలో హఠాత్తుగా మారే వెలుగు చీకటి పట్టీలను గమనించాడు. వాటికి ఉపరితల తరంగాలతో సంబంధం ఉందని 1941లో ఉగో ఫానో వివరించగా, లోహపు పొరలలో ఇటువంటి డోలనాలు ఉంటాయని 1957లో రూఫస్ రిచీ సిద్ధాంతరీత్యా చూపాడు. 1983లో స్వీడన్‌కు చెందిన లీడ్‌బెర్గ్, నైలాండర్, లుండ్‌స్ట్రామ్‌లు ఈ ప్రభావాన్ని జీవాణువులను గుర్తించడానికి ఉపయోగించారు. నిజంగా కొత్తది భౌతిక సూత్రం కాదు, నానోమీటర్ల కొలతలో ఒకే తీరు గాడులను మళ్లీ మళ్లీ తయారు చేయగల నేర్పు.

అపోహ: గాడులు ఎంత దగ్గరగా, ఎంత లోతుగా ఉంటే సెన్సర్ అంత సున్నితం.

వాస్తవం: కాంతి నిటారుగా పడే అమరికలో, ద్రవం వక్రీభవన గుణకం (అది కాంతిని ఎంత వంచుతుందో తెలిపే సంఖ్య) ఒక ప్రమాణం మారితే పల్లం ఎంత జరుగుతుందన్నది దాదాపు ఆవర్తనానికి సమానం, అంటే 600 నానోమీటర్ల ఆవర్తనానికి ఆ జరుగుదల సుమారు 600 నానోమీటర్లు కాగా, గాడులు దగ్గరైతే అది తగ్గుతుంది. పట్టకం అమరికలో ఇది కొన్ని వేల నానోమీటర్లకు చేరగలదు, కానీ అక్కడ పల్లం కూడా వెడల్పవుతుంది. అందుచేత జరుగుదలను పల్లపు వెడల్పుతో భాగించగా వచ్చే విలువే సరైన కొలమానం. లోతు విషయమూ ఇంతే: గాడులు మరీ లోతు తక్కువైతే కాంతి ప్లాస్మాన్‌తో సరిగా జతపడదు, మరీ ఎక్కువైతే ప్లాస్మాన్ శక్తి తిరిగి కాంతిగా వెలువడి పల్లం చెదిరిపోతుంది. సాధారణంగా అనువైన లోతు కొన్ని పదుల నానోమీటర్లు.

అపోహ: సెన్సర్ వ్యాధికారకాన్ని తానే గుర్తుపడుతుంది.

వాస్తవం: సెన్సర్‌కు తెలిసేది వక్రీభవన గుణకంలో మార్పు ఒక్కటే. నీటి గుణకం సుమారు 1.33, ప్రోటీన్లది సుమారు 1.45; ఉపరితలం నుంచి కొన్ని వందల నానోమీటర్ల లోపు ఏది అతుక్కున్నా సంకేతం ఒకేలా వస్తుంది. కావలసిన అణువునే పట్టుకొనే పని బంగారం మీద అమర్చిన యాంటీబాడీలది, అక్కరలేని ప్రోటీన్లు అంటకుండా చూసే పని రక్షక పూతది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే నీటి గుణకం పదివేలలో ఒక వంతు మారుతుంది. ఇటువంటి పరికరాలు పది లక్షలలో ఒక వంతు మార్పును పసిగట్టగలవు కాబట్టి, డిగ్రీలో నూరో వంతు తేడా కూడా అణువు అతుక్కున్నట్లు భ్రమ కలిగించగలదు. యాంటీబాడీలు లేని సరిపోలిక మార్గాన్ని పక్కనే ఉంచి, రెండింటి తేడాను చూడడం ఇందుకే.

అపోహ: గ్రేటింగ్‌లు వచ్చాక పట్టకం పరికరాలకు పని ఉండదు.

వాస్తవం: 1990లో విపణిలోకి వచ్చిన బయాకోర్ పరికరం పట్టకం అమరికదే; అణువులు ఎంత వేగంగా అతుక్కుంటాయో, ఎంత వేగంగా విడిపోతాయో కొలవడంలో ఆ పద్ధతికి నేటికీ గట్టి స్థానముంది. గ్రేటింగ్ అమరికలో చాలాసార్లు కాంతి నమూనా ద్రవం గుండానే పోవలసి రావడం వల్ల, రక్తం వంటి మసక ద్రవాలలో అది చెదిరిపోతుంది. అయితే పట్టకం అక్కరలేకపోవడం, ప్లాస్టిక్ మీద అచ్చు వేసి చవకగా తయారు చేయగలగడం గ్రేటింగ్ అసలు బలాలు. 1.6 మైక్రోమీటర్ల దూరంలో గాడులున్న సీడీలు, 0.74 మైక్రోమీటర్ల దూరంలో గాడులున్న డీవీడీలు కోట్ల సంఖ్యలో అచ్చయిన తీరే ఇందుకు నిదర్శనం. వాటిపై లోహపు పూత వేసి పరిశోధకులు సెన్సర్లుగా వాడారు కూడా.

గ్రేటింగ్ కాంతిని ప్లాస్మాన్‌తో జతపరుస్తుంది, అణువును ఎంచుకొనేది రసాయనం, సంకేతాన్ని నమ్మదగినదిగా నిలిపేది స్థిరమైన ఉష్ణోగ్రత. కాబట్టి ఒక కొత్త సెన్సర్ అద్భుతమని చెప్పినప్పుడు, పల్లం ఎంత సన్ననిది, పరీక్ష శుద్ధ ద్రావణంలో జరిగిందా రక్తంలోనా, సరిపోలిక మార్గం ఉందా అని అడగడం రోగి పట్ల బాధ్యత గల ప్రతి పాఠకుని కర్తవ్యం.