రేకు చిరిగినప్పుడు చేతికి ఏం తెలుస్తుంది?

ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టుకున్నది అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం. గుర్తింపు వార్త పాతబడింది గానీ, రేకు తీయడం చూసినవాళ్ళకి కలిగే ప్రశ్న మాత్రం పాతబడలేదు. వీడియోలో చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. గుడ్డ ముంచడం, కుండ మీద లాగడం, పొర తీయడం, అంతే. అదే పని ఇంట్లో మొదలుపెట్టినవాళ్ళకి దక్కేవి చిల్లుల పొరలూ, కుండకి అతుక్కుపోయిన పిండీ. ఆ ఊళ్ళో ఈ విద్య పుస్తకం చదివి వచ్చేది కాదు. అమ్మ పక్కన కూర్చుని చూసిన పిల్ల చేతికి ఒకనాడు గుడ్డ వస్తుంది. కొన్నాళ్ళు రేకులు చిరుగుతాయి, ఆ తరువాత చిరగవు. ఎలా తీయాలని అడిగితే "ఇదిగో, ఇలా" అని చేసి చూపిస్తారే తప్ప, మాటల్లో పెట్టగలిగేది తక్కువ. చెప్పడానికి మాటల్లేని పని మామ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి కూతురికీ అందుతోందంటే అసలు నేర్పుతున్నది ఎవరు?

వంట సంగతి క్లుప్తంగా ఇది. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి పలచగా జారేలా చేస్తారు. అడుగు గుండ్రంగా ఉండేలా చేయించిన కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. పలచటి గుడ్డని పిండినీళ్ళలో ముంచి, కుండ వీపు మీదుగా ఒక్క ఊపులో లాగుతారు. బియ్యంలోని పిండి రేణువులు సుమారు 70 డిగ్రీల దగ్గర నీరు పీల్చి ఉబ్బుతాయి. వాటిలోంచి బయటపడిన అమైలోజ్ అనే పొడుగాటి అణువులు వలలా అల్లుకుంటాయి. నీరు ఆవిరైపోయి పొర మిగులుతుంది. అంతా క్షణాల్లో అయిపోతుంది. నెయ్యి, పంచదార పొడి, బెల్లం తరువాతి సంగతి.

అసలు విశేషం చేతిలో ఉంది.

కొబ్బరాకు భగ్గున మండి చప్పున చల్లారుతుంది, కాబట్టి కుండ వేడి ఎప్పుడూ ఒక్కలా ఉండదు. పిండి గిన్నె అడుక్కి పేరుకుంటూ ఉంటుంది, కాబట్టి పైన జారు మారుతుంది. గుడ్డ పీల్చిన తడీ మారుతుంది. లాగడంలో తాత్సారం చేస్తే పొర మందంగా వస్తుంది. తొందరపడితే మధ్యలో ఎండు చారలు మిగిలి, తీసేటప్పుడు సరిగ్గా అక్కడే చిరుగుతుంది. అయినా చెయ్యి తిరిగిన మనిషి తీసిన రేకుల దొంతరలో ఏది ముందుదో ఏది వెనకదో పోల్చుకోవడం కష్టం. ఇన్ని మారుతున్నా ఫలితం మారడం లేదంటే, చెయ్యి ప్రతిసారీ కాస్త వేరుగా కదులుతోందన్నమాట. ఒకే కదలికని అచ్చుగుద్దినట్టు చేస్తే పది రేకుల్లో తొమ్మిది పాడవుతాయి.

ఈ మాట శాస్త్రానికి అంత తేలిగ్గా తట్టలేదు. ముందు తప్పుదారి పట్టినవాళ్ళలో అమెరికాకి చెందిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఒకడు. తాపీపని గమనించి, ఇటుక పేర్చడంలో 18 కదలికలను 5కి దించినవాడు. ఏ పనికైనా ఉత్తమమైన పద్ధతి ఒక్కటే ఉంటుందని, దాన్ని ఫిల్ములో పట్టుకుని అందరికీ నేర్పితే సరిపోతుందని ఆయనా, భార్య లిలియన్ నమ్మారు. వాళ్ళకి పన్నెండుమంది పిల్లలు. పిల్లలు అంట్లు తోముతుంటే ఆయన సినిమా తీసి, వృథా కదలికలు ఏరేవాడని ఆ పిల్లల్లోనే ఇద్దరు 1948లో రాసిన 'చీపర్ బై ది డజన్' పుస్తకంలో చెప్పారు. గిల్‌బ్రెత్ శ్రద్ధని తక్కువ చేయకూడదు. కూలీల నడుములు విరగకుండా ఇటుకల్ని చేతికందే ఎత్తుకి తెచ్చే పరంజా ఆయన తెచ్చిందే. కానీ మూలంలో ఉన్న నమ్మకం తప్పు. అందరూ అనుకరించాల్సిన ఆ ఒక్క కదలిక ఎక్కడా లేదు.

లేదని తేల్చిన మనిషి పేరు నికొలాయ్ బెర్న్‌స్టెయిన్. విచిత్రమేమిటంటే, అది ఉందని రుజువు చేయడానికే ఆయనకి ఉద్యోగం ఇచ్చారు. 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థ, కార్మికులకి నేర్పడానికి సరైన సుత్తి దెబ్బ ఏదో తేల్చాలనుకుంది. బెర్న్‌స్టెయిన్ కార్మికుల భుజానికీ, మోచేతికీ, మణికట్టుకీ, సుత్తికీ చిన్న బల్బులు కట్టి, ఒకే ఫొటో ఫలకం మీద వెలుగు గీతలుగా ఆ కదలికల్ని పట్టాడు. వీళ్ళు ఏళ్ళ తరబడి అదే దెబ్బ వేస్తున్నవాళ్ళు. సుత్తి తల నడిచిన దారి దెబ్బదెబ్బకీ దాదాపు కలిసిపోతోంది. కీళ్ళు నడిచిన దారులు కలవడం లేదు! భుజం కాస్త ముందుకెళితే మోచెయ్యి సర్దుకుంటోంది, మోచెయ్యి తడబడితే మణికట్టు దిద్దుతోంది. వాళ్ళకి వచ్చింది ఒక కదలిక కాదు, తేడా వచ్చినప్పుడల్లా దిద్దుకునే విద్య.

భుజం నుంచి మణికట్టు దాకా చేతికి ఏడు స్వతంత్రమైన కదలికలున్నాయి. అరచేతిని ఒక చోట, ఒక కోణంలో నిలపడానికి ఆరు చాలు. ఆ ఒక్కటి ఎక్కువ ఉండటంతో ఏ పనికైనా లెక్కలేనన్ని దారులు ఏర్పడ్డాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ స్వేచ్ఛే శత్రువు. అందుకే వాళ్ళు సగం కీళ్ళని బిగించేస్తారని బెర్న్‌స్టెయిన్ గమనించాడు. మొదటిసారి గుడ్డ పట్టిన పిల్లని చూస్తే ఇది కంటికే తెలుస్తుంది. మోచేతులు పక్కటెముకలకి అతుక్కుని ఉంటాయి, మణికట్లు కర్రల్లా బిగుసుకుంటాయి, గుడ్డని చేతులతో కాక నడుముతో లాగుతుంది. "చెయ్యి వదులు చెయ్యవే" అని పెద్దవాళ్ళు అంటారు గానీ, వదిలితే ఏమవుతుందో ఆ మెదడుకి ఇంకా తెలియదు. ఒక్కో కీలూ అనుభవంతోనే విడుదలవుతుంది.

బెర్న్‌స్టెయిన్‌కి దక్కాల్సిన పేరు చాలాకాలం దక్కలేదు. ఆయన పావ్‌లోవ్ సిద్ధాంతాన్ని విమర్శిస్తూ రాసిన పుస్తకం 1936లో అచ్చుదాకా వెళ్ళి ఆగిపోయింది. వెలుగు చూసింది 2003లో, ఆయన పోయిన 37 ఏళ్ళకి. గంట కొట్టి కుక్కకి చొంగ కార్పించిన పద్ధతిలోనే మనిషి పనులన్నీ నేర్చుకుంటాడనే నమ్మకం అక్కడ అంత బలంగా ఉండేది.

మరి దిద్దుకునేది ఎవరు? తల వెనక, మెడకి కాస్త పైన ఉన్న చిన్నమెదడు. బరువులో మొత్తం మెదడులో పదో వంతే. కానీ మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్లు దానిలోనే ఉన్నాయి. అందులో పర్కింజీ కణాలని పెద్ద కొమ్మలున్న కణాలుంటాయి. ఒక్కో పర్కింజీ కణానికి లక్షకు పైగా సన్నటి తంతువులు కబుర్లు తెస్తాయి. గుడ్డ తడి, భుజం కోణం, చెయ్యి వేగం, అన్నీ అందులోనే. వీటికి తోడు మరొక్క తంతువు, ఒకే ఒక్కటి, చెట్టుకి పాకిన మిరియపు తీగలా ఆ కణాన్ని చుట్టుకుని ఉంటుంది. మామూలుగా అది సెకనుకి ఒకసారి మాత్రమే మోగుతుంది. లక్ష నోళ్ళ మధ్య ఇంత అరుదుగా మాట్లాడే ఆ ఒక్క తంతువు ఎందుకు?

1969లో ఇంగ్లండులో డేవిడ్ మార్ అనే కుర్రవాడు, 1971లో అమెరికాలో జేమ్స్ ఆల్బస్ అనే ఇంజినీరు, విడివిడిగా దాదాపు ఒకే జవాబు చెప్పారు: అది గురువు. అది మోగినప్పుడు, ఆ క్షణంలో మాట్లాడుతున్న సన్నటి తంతువుల బంధాల బలం మారుతుంది. అయితే ఆ బంధాలు బలపడతాయని మార్ అనుకున్నాడు. కాదు, సడలుతాయని, పొరపాటుకి కారణమైన కబుర్ల నోరు నొక్కడమే నేర్చుకోవడమని ఆల్బస్ అన్నాడు. 1982లో జపాన్‌లో మసావో ఇటో బృందం ప్రయోగం చేసి చూస్తే బంధాలు సడలాయి. మార్ అంత మేధావి దిక్కు దగ్గర పొరబడ్డాడు. కథ అక్కడితో అయిపోలేదు. ఆ సడలింపు జరగని ఎలుకలు కూడా నేర్చుకోగలుగుతున్నాయని 2011లో తేలడంతో, నేర్పే దారులు ఒకటికన్నా ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. కానీ పొరపాటే పాఠమన్న మూలసూత్రం నిలిచింది.

పిల్లలకి పని నేర్పే ప్రతి ఇల్లూ తెలుసుకోవలసిన ముక్క ఇక్కడే ఉంది. దృశ్యాన్ని పక్కకి జరిపే అద్దాలు పెట్టుకుని గురి చూసి ముట్టుకోమంటే ఎవరైనా మొదట పక్కకి పోతారు, కాసేపట్లో సర్దుకుంటారు. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్ళకి ఆ సర్దుబాటు కుదరదు. 1995లో జపాన్ పరిశోధకులు ఈ ప్రయోగంలో ఒక మెలిక పెట్టారు. చెయ్యి ఎక్కడ పడిందో వెంటనే చూపించకుండా, సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చూపించారు. అంతమాత్రానికే నేర్చుకోవడం మందగించింది.

రేకు చిరిగితే ఆ కబురు అదే క్షణాన వేళ్ళకి తెలుస్తుంది. తిట్టు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. చిన్నమెదడు లెక్కలో అది ఎప్పుడో గడిచిపోయిన కాలం. చేటలో బియ్యం చెరిగేటప్పుడు గింజలు ఒలికిపోవడం, కవ్వం తాడు పట్టు జారడం, పోపు మాడిన వాసన రావడం, ఇవన్నీ అమ్మ నోటికన్నా ముందు మాట్లాడే గురువులు. అమ్మ చేయాల్సిందల్లా గుడ్డ చేతికివ్వడం, పిండి కాస్త ఎక్కువ కలపడం, మంట దగ్గర కాపలా ఉండటం. చేతిలోంచి లాక్కుని "నువ్వు తప్పుకో, నేను చేస్తా" అన్నప్పుడు ఆగిపోయేది పొరపాటు కాదు, పాఠం.

పిల్లలకి ఆసక్తి ఉండదన్నది ఇంకో తప్పు నమ్మకం. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు పద్దెనిమిది నెలల పిల్లల ముందు బట్టల క్లిప్పు జారవిడిచి అందనట్టు నటించారు, చేతినిండా పుస్తకాలతో బీరువా తలుపుకి తగులుకున్నారు. ఎవరూ అడగకుండానే 24 మంది పిల్లల్లో 22 మంది ఒక్కసారైనా సాయానికొచ్చారు. రెండేళ్ళ తరువాత మళ్ళీ, సాయం చేసినందుకు బొమ్మ బహుమతి ఇచ్చి చూశారు. బహుమతి అందుకున్నవాళ్ళు తరువాత తక్కువ సాయం చేశారు. అంట్లు తోమితే పది రూపాయలనే ఇళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. నడక వచ్చిన పిల్ల చీపురు పట్టుకుని వెంటపడే వయసులో "అడ్డు రాకు" అని, పదేళ్ళు వచ్చాక "ఒక్క పనీ ముట్టుకోదు" అనడం మన ఇళ్ళలో మామూలైంది.

పక్కన కూర్చుని చూడటమూ ఉత్త కాలక్షేపం కాదు. బార్బరా రొగాఫ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక పిల్లకి బొమ్మ చేయడం నేర్పుతూ, తోబుట్టువుని ఊరికే పక్కన కూర్చోబెట్టారు. గ్వాటెమాలా మాయా కుటుంబాల్లో, బడి చదువు అంతగా సోకని ఇళ్ళ పిల్లలు ఆ పక్కనే ఉండి గమనించి, తమ వంతు వచ్చినప్పుడు ఎక్కువగా చేయగలిగారు. తమకి చెప్పనిది తమది కాదనుకునే అలవాటు బడి నేర్పిందే.

ఇక ఒక ఫిర్యాదు. ఈ విద్యంతా ఆడపిల్లల వాటా అయిపోయింది. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మారియా మీస్ 1982లో తెచ్చిన పుస్తకం చూపించిందిదే. గంటల తరబడి అల్లి విదేశాలకి సరుకు పంపే చేతుల్ని, ఖాళీ వేళల్లో కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టారు. 2024 జాతీయ కాలవినియోగ సర్వేలో ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. మగపిల్లల చేతికి రాదనేది ఒట్టి సాకు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి వలుపు చేసేవాళ్ళు మగవాళ్ళే. నేలలో పాతిన గునపం మొనకి కాయని గుచ్చి, ఒక్క మెలికతో పీచు విడదీస్తారు. ఏ రెండు కాయలూ ఒకలా ఉండవు, చెయ్యి జారితే తెగేది అరచెయ్యి. ఆ పని నేర్చుకున్న చిన్నమెదడుకి పప్పు తిరగమోత, అంట్ల గిన్నె నేర్చుకోవడం ఏపాటి?